చినిగిన నోటు, చెల్లని నోటు

నందికొండవద్ద కృష్ణానదికి అడ్డముగ నేడు రాతి ఆనకట్ట నిలిచియున్నది. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన గావించిరి. ఆనాడు నదికి ఎడమ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రమునకును, కుడి ఒడ్డు ఆంధ్ర రాష్ట్రమునకును చెందియుండెను. ఇది చాలమంది ఎరిగిన విషయమే. కాని అంతకు కొలది సంవత్సరములకు ముందు ఆ రెండు ఒడ్డుల నడుమ మరియొక సరిహద్దు కూడ ఉండెడిది. అది రూపాయల సరిహద్దు. ఎడమ ఒడ్డున, నల్లగొండ జిల్లాలో, చెల్లునది నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా. కుడి ఒడ్డున, పల్నాటిలో, చెల్లునది ఇంగ్లీషు ప్రభుత్వపు రూపాయి. దానిని హైదరాబాదు సంస్థానములో ‘కల్దారు’ అనెడివారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు సమానము. లెక్క కచ్చితముగ చెప్పవలెనన్న, నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ.

పుట్టియెక్కి ఏరు దాటిన మనిషికి రొండిని ఉన్న డబ్బు మార్చుకొనక తప్పదు. మార్చువాడు షరాబు. మార్చినందులకు అతడు పట్టుకొనునది వట్టము. వెండి రూపాయి యైనచో షరాబు దానిని రాతిమీద మ్రోగించి చూచును. అంచు తడవి చూచును. అరిగినదైనచో తూకము వేసి వెండి ధర కట్టును. అరిగిన రూపాయి కూడ వెండియే కదా! కాగితపు రూపాయి సంగతి అట్లు కాదు. దానిని మ్రోగించుటకు వీలులేదు, తూచుటకు వీలులేదు. అది వానకు తడిసినను, చెదపురుగు తిన్నను, దీపపు సెగ తగిలినను, మడత వెంబడి రెండు తునకలైనను దాని గతి యేమి? ఈ ప్రశ్న ధనవంతుల ఇనుప పెట్టెలను అంతగా బాధింపలేదు. బియ్యపు కుండలో, ఇంటి చూరులో, కొంగుముడిలో నాలుగు నోట్లు దాచుకొనువారినే ఇది మిక్కిలి బాధించినది. నేటి ప్రసంగమునకు విషయమిదియే.

నందికొండ లోయలోనే డబ్బును గురించి ఒక పాఠము భూమిలో చిరకాలము దాగియుండెను. సాగరపు నీరు వచ్చి ముంచకముందు, 1954 మొదలు 1960 వరకు, నాగార్జునకొండ లోయను పురావస్తుశాఖవారు విస్తారముగ త్రవ్వించిరి. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి అచ్చట బయల్పడెను. ఆ రాజుల సీసపు నాణెములు దొరికెను. పదునారు వందల యేండ్లు మట్టిలో నున్నను సీసము సీసముగనే నిలిచినది. కాని వానితో ఆనాటి అంగడిలో పుట్టెడు ధాన్యము కొన్న విలువ మాత్రము రాజ్యముతోడనే గతించినది. లోహము మిగిలినది, మాట పోయినది. కాగితపు నోటుది దీనికి సరిగా వ్యతిరేకమైన స్థితి. దానిలో పదార్థము విలువ లేనిది. విలువ యంతయు దానిమీద అచ్చువేసిన మాటలోనే ఉన్నది. కనుక కాగితము చినిగినప్పుడు మాట కూడ చినిగినట్లా, కాదా అనునదే అసలు చిక్కు.

మన దేశమున ప్రభుత్వమే నోట్లు వెలువరించుటకు 1861లో కాగితపు కరెన్సీ చట్టము చేయబడినది. ఆ తొలి దినములలో నోటును చింపుట నేరము కాదు సరికదా, అది జాగ్రత్తపరుల పద్ధతి. దూరప్రాంతమునకు పెద్ద మొత్తము పంపవలసిన వర్తకుడు నోటును నడిమికి కత్తిరించి, ఒక సగమును టపాలో పంపెడివాడు. అది చేరినదని జాబు వచ్చిన తరువాతనే రెండవ సగమును పంపెడివాడు. దారిలో దొంగలు ఒక సగమును అపహరించినను వారికి ప్రయోజనము లేదు. నోటు సంఖ్య ఒకటికంటె ఎక్కువచోట్ల ముద్రింపబడియుండుటచే రెండు సగములు ఒకే నోటువని పోల్చి చూచుకొనుటకు వీలుండెడిది. అనగా చినిగిన నోటు విలువ కోల్పోదు, నిద్రించును. జోడు దొరికినప్పుడు మేల్కొనును. నేటి నిబంధనలలో కనబడు ఆలోచనకు పూర్వరూపము ఈ టపా సగములలోనే ఉన్నదని చెప్పవచ్చును.

అయినను పల్లెజనులు కాగితమును చాలకాలము నమ్మలేదు. వారిని కాగితమువైపు నెట్టినది మొదటి ప్రపంచ యుద్ధము. యుద్ధకాలమున వెండికి కరవు వచ్చెను. ఇంగ్లీషు ప్రభుత్వము 1917 నవంబరు 30వ తేదీన ఒక రూపాయి నోటును, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటును వెలువరించినది. నోట్లు చేతబట్టుకొని వెండి యిమ్మని జనులు ఖజానాల చుట్టును మూగుచుండగా, అమెరికా దేశము 1918 ఏప్రిలులో పిట్‌మన్ చట్టము చేసి, తన ఖజానాలోని వెండి డాలరులను కరగించి, సుమారు 20 కోట్ల ఔన్సుల వెండిని భారతదేశమునకు అమ్మెను. నోటు వెనుక నున్న మాట నిలుచుటకు సముద్రముల కావలి దేశపు వెండి రావలసివచ్చినది.

ఆ సంవత్సరమే హైదరాబాదు సంస్థానము కూడ కాగితమునకు దిగినది. 1918లో హైదరాబాదు కరెన్సీ చట్టము క్రింద ఉస్మానియా సిక్కా పేర నోట్లు పుట్టెను. మొదట నూరు రూపాయలవి, పది రూపాయలవి. 1919లో అయిదు రూపాయలవి, ఒక రూపాయివి. 1926లో వేయి రూపాయలవి. ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలో కూడ వానిమీద విలువ వ్రాయబడియుండెను. నల్లగొండ, పాలమూరు జిల్లాల రైతు తన అక్షరములను డబ్బుమీద చూచుకొనగలిగెను. ఈ నోట్లు మొదట లండనులో అచ్చయి ఓడలమీద వచ్చెడివి. నాసికులో ముద్రణాలయము ఏర్పడిన తరువాత అచ్చట అచ్చయ్యెను.

ఈ ఓడప్రయాణములలో ఒకటి మన విషయమునకు మిక్కిలి సంబంధించినది. 1922 మే నెలలో ‘ఈజిప్టు’ అను ఓడ ఇంగ్లండునుండి బొంబాయికి బయలుదేరెను. మే 20వ తేదీన, ఫ్రాన్సు తీరమునకు దాపున, దట్టమైన మంచులో మరియొక ఓడ దానిని ఢీకొనెను. స్వల్పకాలములోనే ఈజిప్టు మునిగిపోయెను. ఎనుబదిమందికి పైగా మరణించిరి. ఓడలో పదిలక్షల పౌనులకు మించిన విలువగల బంగారము, వెండి ఉండెను. వానితోపాటు నిజాము ప్రభుత్వమునకై అచ్చువేయించిన రూపాయి నోట్ల కట్టలును ఉండెను. ఎనిమిదేండ్ల తరువాత, 1930లో, ఇటలీ దేశపు గజ ఈతగాండ్రు ‘ఆర్తిల్యో’ అను నౌకతో వచ్చి, సుమారు 70 నిలువుల లోతున ఆ ఓడను కనుగొనిరి. అదే యేట డిసెంబరులో ప్రేలుడు సంభవించి ఆర్తిల్యోయే నాశనమయ్యెను. సిబ్బందిలో పలువురు మరణించిరి. మిగిలినవారు పట్టువిడువక వేరొక నౌకతో తిరిగివచ్చి, 1932 జూనులో బంగారమును పైకి తీసిరి. ఆ పనిలోనే ఇనుప చేతులకు హైదరాబాదు నోట్లు కూడ తగిలి పైకి వచ్చెను. పదియేండ్లు ఉప్పునీటిలో నానినను వానిమీది అచ్చు చదువుటకు వీలుగనే యుండెను.

కాని అవి డబ్బు కాదు. వానిమీద సంతకము పడలేదు. హైదరాబాదు చేరి, అధికారి సంతకమైన పిమ్మటనే అవి రూపాయలు కావలసియుండెను. బంగారము సముద్రగర్భమునుండి వచ్చినను బంగారమే. నోటు మాత్రము, కాగితము చెక్కుచెదరకున్నను, మాట యిచ్చిన చేయి లేనిచో, రంగుల బొమ్మ మాత్రమే. కాగితపు డబ్బు స్వభావమును ఇంతకంటె స్పష్టముగ చూపు దృష్టాంతము అరుదు.

మాట యిచ్చిన చేయి మారినప్పుడు ఏమగునో కూడ మన ప్రాంతపు వారు కన్నులార చూచిరి. 1941లో చట్టముచే ఏర్పడి, 1942 ఏప్రిలు 5వ తేదీన పని ప్రారంభించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఉస్మానియా సిక్కా నిర్వహణమును చేపట్టెను. సంస్థానము భారతదేశమున కలిసిన తరువాత, 1950లో భారత రూపాయి హాలీతోపాటు చలామణిలోనికి వచ్చెను. మారకము మునుపటి లెక్కయే, ఏడుకు ఆరు. 1951లో హాలీ వెలువరించుట నిలిచిపోయెను. అయినను పాతది వెంటనే రద్దు కాలేదు. 1959 వరకు చట్టరీత్యా ప్రాణముతో ఉండెను. ఇంతలో 1957 ఏప్రిలు 1వ తేదీన నయాపైసలు వచ్చి, పదునారణాల లెక్కయే పోయెను.

ఈ సంవత్సరములే నందికొండలో ఆనకట్ట పనులు సాగిన సంవత్సరములు. పునాదులు త్రవ్వుటకు, రాయి కొట్టుటకు, మన్ను మోయుటకు వేలకొలది కూలీలు గుడిసెలు వేసుకొనిరి. దేశమున ఏ మూల ఆనకట్ట కట్టినను, కాలువ త్రవ్వినను కనబడు పాలమూరు కూలీల పేరు వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి కూలీ ఒకడు తన ఆయుష్కాలములో ఎన్ని లెక్కలు నేర్వవలసివచ్చెనో ఆలోచింపుడు: తండ్రి దాచిన హాలీ, మేస్త్రీ యిచ్చిన భారత రూపాయి, అంగడివాడు చెప్పిన నయాపైస. కుండలో మరచిపోయిన హాలీ నోటు ఒకటి 1959 తరువాత బయటపడినదనుకొందము. దానికి ఒక్క చినుగు లేదు, మరక లేదు. కాని అది చెల్లదు. అదే కుండలో చెద తిని మూలపోయిన భారత రూపాయి నోటొకటి ఉన్నదనుకొందము. అది వికారముగ ఉన్నను, దానికి ఇంకను దిక్కు కలదు. చినిగిన నోటు వేరు, చెల్లని నోటు వేరు. సామాన్యుడు ఈ రెంటిని ఒకటిగా భావించి, చినిగినదానిని పారవేయుటయో, దళారికి సగము ధరకు అమ్ముకొనుటయో చేసి నష్టపడుచున్నాడు.

చినిగిన నోటునకు గల ఆ దిక్కు ఎట్టిదో చూతము. 1934వ సంవత్సరపు రిజర్వు బ్యాంకు చట్టములో 28వ సెక్షను దీనిని గూర్చినదే. పోయిన, దొంగిలింపబడిన, చినిగిన, లోపించిన నోటునకు విలువ రాబట్టుకొను హక్కు ఎవ్వరికిని లేదని ఆ సెక్షను మొదట చెప్పును. తరువాత, కేంద్ర ప్రభుత్వపు అనుమతితో రిజర్వు బ్యాంకు నిబంధనలు చేసి, అనుగ్రహపూర్వకముగ విలువ చెల్లింపవచ్చునని చెప్పును. కావున చట్టము దృష్టిలో ఇది హక్కు కాదు, అనుగ్రహము. కాని అనుగ్రహమనగా అధికారి ఇష్టము వచ్చినట్లు చేయునది కాదు. దానికి కొలబద్ద కలదు. 1975లోను, మరల 2009లోను ఈ నిబంధనలు తిరుగవ్రాయబడెను. 2018 సెప్టెంబరులో సవరింపబడెను.

ఆ కొలబద్ద యిది. ఇరువది రూపాయలు, అంతకు తక్కువ నోట్లలో, తెగని ఒకే పెద్ద తునక నోటు వైశాల్యములో సగమునకు మించియున్నచో పూర్తి విలువ. లేనిచో ఏమియు లేదు. ఏబది రూపాయలు, అంతకు మించిన నోట్లలో, ఆ పెద్ద తునక నూటికి 80 పాళ్లకు మించినచో పూర్తి విలువ; 40 మొదలు 80 వరకు ఉన్నచో సగము విలువ; 40కి తక్కువైనచో తిరస్కారము. నేటి అయిదువందల నోటు 15 సెంటీమీటర్ల పొడవు, 6.6 సెంటీమీటర్ల వెడల్పు. అనగా 99 చదరపు సెంటీమీటర్లు. చేతనున్న తునక 80 చదరపు సెంటీమీటర్లున్నచో 500 రూపాయలు, 40 ఉన్నచో 250 రూపాయలు.

ఈ అంకెలు ఎవరికో తోచినట్లు పెట్టినవి కావు. వీని వెనుక ఒక న్యాయము కలదు. ఒక నోటు ఎన్ని తునకలై, ఎందరి చేతులలో పడినను, బ్యాంకు దాని విలువను ఒక్కసారికి మించి చెల్లింపరాదు. చిన్న నోటులో సగమునకు మించిన తునక ఒక్కటియే ఉండగలదు, రెండుండుట అసాధ్యము. పెద్ద నోటులో ఒక తునక 80 పాళ్లకు మించినచో మిగిలినది 20కి లోపు. దానికి ఏమియు రాదు. 60 పాళ్లు ఒకరికి, 40 పాళ్లు మరియొకరికి చిక్కినచో చెరి సగము. మొత్తము ఒక నోటే. 40 పాళ్లకు తగ్గని తునకలు ఒక నోటులో మూడుండుటకు వీలులేదు. మోసగాడు ఎట్లు కత్తిరించినను ఒక నోటు రెండు నోట్లు కానేరదు. అటు ప్రజకు దయ, ఇటు ఖజానాకు రక్ష, ఈ రెండును అంకగణితములోనే ఇమిడియున్నవి. తపాలాలో సగము నోట్లు పంపిన వర్తకుని ఉపాయమునకు ఇది శాస్త్రరూపము.

ఇతర దేశములును ఇట్టి మార్గములనే త్రొక్కినవి. జపానులో నోటులో మూడింట రెండు పాళ్లున్నచో పూర్తి విలువ, అయిదింట రెండు పాళ్లున్నచో సగము. అమెరికాలో సగమునకు మించిన భాగమున్నచో పూర్తి విలువ; అంతకు తక్కువైనను, మిగిలినది పూర్తిగా నశించినదని ఋజువు చూపినచో విచారింతురు. ఒకచోట కొలతకు, మరియొకచోట ఋజువునకు ప్రాధాన్యము. బీదవానికి ఋజువు తెచ్చుటకంటె కొలుచుట సులభము. ఆ మాటకు మన పద్ధతి మనవారికి తగినదే.

నియమము ఎంత మంచిదైనను, దానిలో వ్రాయనిది పనికిరాదు. 2016 నవంబరులో రెండువేల రూపాయల నోటు, 2017 ఆగస్టులో రెండువందల నోటు క్రొత్తగా వచ్చెను. 2009 నిబంధనలలో ఆ రెండు విలువల ప్రస్తావన లేదు. క్రొత్త నోట్ల పరిమాణమును చిన్నదయ్యెను. అందుచే 2018 సెప్టెంబరులో సవరణ వచ్చువరకు, అవి చినిగినచో మార్చుటకు కొలబద్ద లేకపోయెను. ఆ సవరణలోనే పెద్ద నోట్లకు పూర్తి విలువ పొందుటకు కావలసిన భాగము నూటికి 65 పాళ్లనుండి 80 పాళ్లకు పెరిగినది. రెండువేల నోటును చలామణినుండి ఉపసంహరించుచున్నట్లు 2023 మే 19వ తేదీన రిజర్వు బ్యాంకు ప్రకటించినది.

ఇంక ఇంటివారు జ్ఞాపకముంచుకొనదగిన నాలుగు మాటలు. మాసిన నోటును, రెండు తునకలై రెండును దక్కిన నోటును బ్యాంకులు మాసిన నోటుగనే పరిగణించి మార్చును. భాగము లోపించిన నోటును వాణిజ్య బ్యాంకు శాఖలు స్వీకరింపవలెను. దళారికి వట్టము ఇయ్యనక్కరలేదు. వేర్వేరు నోట్ల తునకలను జిగురుతో అతికించి ఒకటిగా చేయరాదు. బుద్ధిపూర్వకముగ కత్తిరించినట్లు తోచిన నోటు తిరస్కరింపబడును. కాలి పెళుసైన నోట్లను, ఒకదానికొకటి అంటుకొని విడదీయరాని నోట్లను ఇంటివద్ద విడదీయ ప్రయత్నింపక, ఉన్నవి ఉన్నట్లే పెట్టెలో పెట్టుకొని రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయమునకు కొనిపోవలెను. చేతితో తడిమిన కొలది తునకలు చిన్నవగును. తునక చిన్నదైన కొలది విలువ తగ్గును. నిప్పు మిగిల్చినదానిని మన తొందరపాటు మిగల్పకపోవచ్చును.

నేడు నందికొండ ఒక పురపాలక సంఘము. ఏటి ఈవల పైలాను కాలనీ, హిల్ కాలనీ. ఆవల విజయపురి దక్షిణము. రెండు ఒడ్డులు మరల రెండు రాష్ట్రములైనవి. కాని అటునుండి ఇటు వచ్చువాడు డబ్బు మార్చుకొననక్కరలేదు. నోటు ఎంత నలిగినను ఆ నలిగిన నోటే రెండు ఒడ్డులందును చెల్లును. ఇక్ష్వాకుల సీసము మ్యూజియములో భద్రముగ ఉన్నది. దానికి ఇప్పుడు ఎవరును మాట యియ్యరు. రైతు చేతిలోని చినిగిన పదిరూపాయల నోటు మాత్రము, సగమునకు కొంచెము మించి మిగిలినంతవరకు, పది రూపాయలే. దానిని పారవేయుటకు ముందు ఒకమారు కొలిచి చూడవలెను.